మళ్లీ పొలమారింది

తెనాలిలో మాది చిన్న టిఫిన్ సెంటరు. ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఆరింటికల్లా పెనం వేడెక్కించి, "రెండు నెయ్యికారం, ఒక పెసరట్టు పార్సిలు" అని లోపలికి కేకలు వేస్తూ బతికినదాన్ని. 2022 జనవరిలో గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. దాంతో కేక పోయింది. తర్వాత కొన్నాళ్లకి ఇడ్లీ ముక్క మింగడం కూడా పోయింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. మునుపటిలా కాదు గానీ, ఉన్నాయి. ఇంకో పెద్ద ఆపరేషన్ చేయించుకుని తెచ్చుకున్నవి కావు. పొద్దున ఆస్పత్రికి వెళ్లి సాయంత్రానికి బయటికొచ్చే చిన్న చిన్న పనులతో వచ్చాయి. అలాంటివి ఉన్నాయని నాకు తెలియడానికే ఏడాది పట్టింది. అందుకే రాస్తున్నాను.

జబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ముద్ద మింగుతుంటే ఏదో అడ్డుపడుతున్నట్టు ఉండేది, కుడి చెవిలో పోటు. చెవి డాక్టరుకి చూపించుకుంటూ నాలుగు నెలలు పోగొట్టాను. చివరికి ఎండోస్కోపీలో బయటపడింది. స్వరపేటిక వెనకాల, అన్నవాహిక మొదలయ్యేచోట గడ్డ. "చుట్టలు తాగేదానివా?" అని అడగనివాళ్లు లేరు. మా నాన్న తాగేవాడు, నేను తాగలేదు. రక్తం తక్కువగా ఉంటూ ఏళ్ల తరబడి పట్టించుకోని ఆడవాళ్లలో సరిగ్గా ఆ చోటే క్యాన్సర్ రావడం ఉందని పెద్ద డాక్టరు చెప్పాడు. నాకు రక్తం ఎప్పుడూ ఏడూ ఎనిమిదే. కాన్పులప్పుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు బీరువాలో దాచిపెట్టినదాన్ని, ఎవర్ని అనను?

స్వరపేటిక మొత్తం తీసేశారు. దాని వెనకాల గొంతు గోడలో కొంత కూడా తీసేసి, మిగిలిన గోడని గొట్టంలా కుట్టారు. గాలిగొట్టాన్ని మెడ ముందుకు తెచ్చి చర్మానికి అతికించారు. డాక్టర్లు దాన్ని స్టోమా అంటారు. మా ఇంట్లో అందరం బెజ్జం అంటాం. ఊపిరి ఇక జీవితాంతం అందులోంచే. ముక్కుకీ నోటికీ ఊపిరితిత్తులతో సంబంధం తెగిపోయింది. తర్వాత ఆరు వారాలు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్, 30 సిట్టింగులు.

మాట పోతుందని ముందే చెప్పారు, దానికి మనసుని కొంత సిద్ధం చేసుకున్నాను. ఎవరూ చెప్పనివి వేరే ఉన్నాయి. చీదడం కుదరదు. వేడి టీ ఉఫ్ అని ఊదుకోవడం కుదరదు. ముక్కులోకి గాలి వెళ్లదు కాబట్టి వాసన తెలియదు. టిఫిన్ సెంటరు పెట్టుకుని పోపు మాడిందో లేదో తెలియకపోతే ఎలా? పైగా ఎండుమిర్చి వేయిస్తే ఆ ఘాటు ముక్కు అడ్డం లేకుండా సూటిగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఒకటి మాత్రం లాభం. అన్నం దారి, గాలి దారి పూర్తిగా వేరైపోయాయి కాబట్టి ఇక నాకు పొలమారదు. అది విని మా అత్తయ్య, "అయితే నిన్ను ఎవరైనా తలుచుకున్నా తెలియదన్నమాట" అంది. నవ్వొచ్చింది. నవ్వు కూడా బెజ్జంలోంచి తుస్సుమని వచ్చింది.

మాట్లాడటానికి పలక కొనుక్కున్నాను. మా ఆయనతో, బాబుతో సరిపోయేది. అత్తయ్యకి చదవడం రాదు. పాతికేళ్లుగా పొద్దున్నుంచి రాత్రిదాకా ఆవిడతో మాట్లాడుతూ, పోట్లాడుతూ ఉన్నదాన్ని. ఇక ఆవిడతో చప్పట్లే. ఒక చప్పట అంటే రమ్మని, రెండంటే వద్దని. మూడు చప్పట్లకి అర్థం ఏమిటో మేమిద్దరం చివరిదాకా తేల్చుకోలేకపోయాం. మెడకి ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఉంటుంది, ఎలక్ట్రోలారింక్స్ అంటారు. అదీ తెప్పించాం. కరెంటు పెట్టినచోట నా మెడ చెక్కలా గట్టిపడింది, చప్పుడు లోపలికి దిగలేదు. బర్రుమని మోత తప్ప మాట రాలేదు. బుగ్గకి ఆనించి కూడా చూశాను. పక్కింటి పిల్ల జడుసుకుంది. డబ్బాలో పెట్టేశాను.

మింగడం ఒక్కరోజులో పోలేదు. కరెంటు అయిన రెండు నెలలకి పప్పన్నం తిన్నాను. దసరా నాటికి మెత్తగా పిసికిన అన్నం. క్రిస్మస్ నాటికి జావ, మజ్జిగ, మిక్సీలో వేసి వడగట్టిన చారన్నం. మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపినా గొంతులో ఆగి పైకి వచ్చేది. 62 కిలోలదాన్ని 44కి వచ్చాను. మళ్లీ చూపించుకుంటే, "ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక అంతేనమ్మా, ప్రాణం దక్కింది కదా, సర్దుకోవాలి" అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు. జబ్బు మళ్లీ వచ్చిందేమోనన్న టెన్షన్ ఒకటి, బయటికి అనడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. నన్ను బియ్యం కాటా మీద ఎక్కించినట్టు తనకి కలలు వచ్చేవని మా ఆయన తర్వాత చెప్పాడు.

హైదరాబాద్ వెళ్లమని చెప్పింది డాక్టరు కాదు. మా దగ్గర రోజూ టిఫిన్ తినే రైల్వే ఆయన. వాళ్ల బావమరిదికి ఇలాంటి ఆపరేషనే అయిందట, "అతను మాట్లాడతాడమ్మా, బిర్యానీ కూడా తింటాడు" అన్నాడు. నమ్మలేదు. ఆ బావమరిదే వీడియో కాల్ చేసి, బొటనవేలితో మెడ మూసుకుని "బాగున్నారా అక్కా" అన్నాడు. ఆ రాత్రే రైలెక్కాం.

అక్కడ మొదట బేరియం పరీక్ష చేశారు. సున్నం కలిపిన నీళ్లలాంటి తెల్లటి మందు తాగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు. టీవీలో చూపించారు. పైన మందు గరాటులో పోసినట్టు వెడల్పుగా నిండి, కింద సన్నటి దారంలా కారుతోంది. "గోడ కుట్టినచోట, కరెంటు తగిలినచోట మచ్చకట్టి బిగుసుకుపోయింది" అన్నాడు డాక్టరు. సన్నటి ఎండోస్కోపీ గొట్టం వేసి ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ లేదని తేలాకే మిగతా మాట. ఆ మూడు రోజులు లాడ్జిలో ఎలా గడిచాయో రాయలేను.

దారి 5 మిల్లీమీటర్లే ఉందట. దాన్ని బెలూనుతో సాగదీస్తామన్నారు. డైలేటేషన్ అంటారు. కోత లేదు, కుట్లు లేవు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. గొంతులో చేదు మందు కొట్టి మొద్దుబారుస్తారు, చేతికి మత్తు సూది ఇస్తారు. సన్నని తీగ బిగుసుకున్నచోటు దాటించి, దానిమీదుగా ముడుచుకుని ఉన్న బెలూన్ని లోపలికి పంపి, నీళ్లతో ఉబ్బించి ఒక నిమిషం అలా ఉంచుతారు. తర్వాత తీసేస్తారు.

అసలు భయపడాల్సింది బెలూను గురించి కాదని ఆ గదిలోకి వెళ్లాక తెలిసింది. నన్ను పడుకోబెట్టగానే నర్సమ్మాయి ఆక్సిజన్ గొట్టం తెచ్చి ముక్కులో పెట్టింది. నా ఊపిరి మెడలోంచి కదా! అరుద్దామంటే గొంతు లేదు, పలక బయట మా ఆయన దగ్గర ఉంది. మత్తు అప్పటికే ఎక్కుతోంది. మంచం రేకు మీద దబదబా చరిచాను. ఆ గొట్టం పీకి బెజ్జం దగ్గర పెట్టుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయికి అర్థమై నాలుక కరుచుకుంది. పాపం, కొత్త పిల్ల. ఆ తర్వాత నేను ఏ ఆస్పత్రికి వెళ్లినా "నేను మెడతోనే ఊపిరి పీలుస్తాను, ఆక్సిజన్ మెడకే పెట్టాలి" అని పెద్ద అక్షరాలతో రాసిన కార్డు గుండెలకి పిన్నుతో పెట్టుకుంటున్నాను. నాలాంటివాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈ ఒక్క పని ఈరోజే చేయండి.

ఒకేసారి ఎక్కువ సాగదీస్తే గోడ చిరిగే ప్రమాదం ఉంది. అందుకని ఒక విడతలో 3 మిల్లీమీటర్లకి మించి పెంచరు. ఇంటికి పంపేటప్పుడు చాలాసేపు జాగ్రత్తలు చెప్పారు. ఛాతీలో నొప్పి, జ్వరం, మెడ ఉబ్బి నొక్కితే చిటపటమనడం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా పరుగెత్తుకు రమ్మన్నారు. నాకు రాలేదు. ఉమ్మిలో కొంచెం రక్తం చార, రెండు రోజులు గొంతు మంట. రెండు వారాలకోసారి వెళ్లేవాళ్లం. రెండో విడత తర్వాత పాలలో నానేసిన బ్రెడ్ దిగింది. మూడోసారికి దారి 12 మిల్లీమీటర్లు దాటింది. ఆ మర్నాడు మా సెంటర్లోనే గల్లాపెట్టె వెనక కూర్చుని సాంబారులో ముంచి సగం ఇడ్లీ తిన్నాను. అరగంట పట్టింది. మాస్టరుగా పెట్టుకున్న కుర్రాడు ఇడ్లీ రవ్వ సరిగ్గా పిండటం లేదని ఏడాది తర్వాత అప్పుడు తెలిసింది.

ఇదొక్కసారితో ఆగలేదని కూడా చెప్పాలి. మచ్చకట్టిన గోడ మళ్లీ ముడుచుకుంటుంది. ఆ ఏడాదిలో మొత్తం ఆరుసార్లు వెళ్లాను, తర్వాత ఏడాదిలో ఒక్కసారి. ఇప్పటికీ జీడిపప్పు, గట్టి చపాతీ నాకు పడవు. ముద్దకీ ముద్దకీ మధ్య గుక్కెడు నీళ్లు కావాలి. పెళ్లి భోజనాల్లో బంతి లేచిపోతుంది, నేను ఇంకా పప్పు దగ్గరే ఉంటాను.

దారి కుదుటపడ్డాకే మాట సంగతి ఎత్తారు. మాట కూడా ఆ దారిలోంచే రావాలి మరి. గాలిగొట్టం వెనక గోడకి, అన్నవాహిక ముందు గోడకి మధ్య చిన్న బెజ్జం చేసి అందులో సిలికాన్ వాల్వు పెడతారు. బొటనవేలితో మెడ బెజ్జం మూసి ఊపిరి వదిలితే గాలి ఆ వాల్వులోంచి అన్నవాహికలోకి పోయి, గొంతు గోడల్ని అదిరించి నోట్లోకి వస్తుంది. అదే గొంతు. పెదాలు, నాలుక తమ పని తాము చేస్తాయి. వాల్వు ఒకవైపే తెరుచుకుంటుంది కాబట్టి అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి రావు.

స్పీచ్ థెరపీ అమ్మాయి మా బాబుకంటే చిన్నది, నన్ను "ఆంటీ" అనేది. ఖాళీ దొరికితే కథలు చెప్పేది. స్వరపేటిక మొత్తం తీసేసే ఆపరేషన్ మొదట 1873లో వియన్నాలో బిల్‌రోత్ అనే డాక్టరు చేశాడట. ఆ రోగికి ఆయన శిష్యుడు గుస్సెన్‌బావర్ ఒక కృత్రిమ గొంతు తయారుచేసి పెట్టాడట. ఆ రోజుల్లోనే వాళ్లకి తట్టింది, గొంతు తీసేసి ఊరుకోకూడదని! ఇప్పుడు పెడుతున్న తరహా వాల్వు పద్ధతిని అమెరికాలో సింగర్, బ్లోమ్ అనే ఇద్దరు 1980లో వెల్లడించారట. విదేశీ వాల్వుల ధర వేలల్లో ఉంటుంది. బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు తన మిత్రుడు శశాంక్ మహేశ్‌తో కలిసి 'ఓం' అనే వాల్వుని 50 రూపాయల ధరకి తయారుచేశారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. నాకు ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కరెంటు అయ్యాయి గానీ, వాల్వు మేమే కొనుక్కున్నాం. నా కొలతకి విదేశీదే పెట్టారు.

వాల్వు కోసం చేసే ఈ లోపలి బెజ్జం పూర్తి మత్తుతో కూడా చేస్తారు. నాకు మాత్రం మెలకువగా, కుర్చీలో కూర్చోబెట్టి చేశారు. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం అన్నవాహికలోకి దించారు. స్టోమా వెనక గోడకి తిమ్మిరి సూది ఇచ్చి, పైనుంచి సూది గుచ్చి, అది లోపల సరైనచోట తేలిందా లేదా అని టీవీలో చూసుకుంటూ, తీగ పంపి, దారి కొంచెం వెడల్పు చేసి వాల్వు కూర్చోబెట్టారు. సూది దిగుతున్నప్పుడు ఆపుకోలేని దగ్గు. మా ఆయన బయట రెండు కాఫీలు తాగేలోపు అయిపోయింది.

వాచింది తగ్గాక మాట్లాడించారు. "ఆ అనండి ఆంటీ." వేలు పెట్టి ఊదాను. ఏమీ రాలేదు. గట్టిగా ఊదాను. ముఖం ఎర్రబడింది, కళ్లు తిరిగాయి, పొట్టలోకి గాలి పోయి త్రేన్పులు. మాట మాత్రం గింజుకుని గింజుకుని 'క్' అని ఒక ముక్క. పక్క గదిలో నాకంటే వారం వెనక వాల్వు పెట్టించుకున్న పెద్దాయన గడగడా మాట్లాడేస్తున్నాడు. నేను రోజూ ఏడుపు ముఖంతో వచ్చేదాన్ని. నాలుగు వారాలు అలాగే గడిచాయి. నేను సరిగ్గా ఊదడం లేదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

తప్పు నాది కాదు. మాట్లాడబోతున్నప్పుడు మళ్లీ బేరియం వీడియో తీస్తే కనిపించింది. గాలి కింద నుంచి వస్తుంటే గొంతు కండరం వదులవ్వాల్సింది పోయి, పిడికిలిలా బిగుసుకుంటోంది. నిర్ధారణకి మెడలో తిమ్మిరి సూది ఒకటి ఇచ్చారు. పది నిమిషాలయ్యాక "ఇప్పుడు అనండి" అంది ఆ అమ్మాయి.

"ఏవండీ, వినపడుతోందా?"

వచ్చేసింది. బొంగురుగా, మగగొంతులా, అడుగున ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. మా ఆయన తల ఊపాడు గానీ ఆయనకి మాట రాలేదు. సూది పని గంటో గంటన్నరో ఉంటుందని ముందే చెప్పారు. అందుకని ఇంటికి ఫోన్ కొట్టమన్నాను.

"అత్తయ్యా, నేనే."

"ఏ నేను? ఎవరు బాబూ నువ్వు?"

"నేనే అత్తయ్యా, మీ కోడల్ని."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఏడుస్తుందనుకుంటే, "పాలవాడు మూడు రోజులనుంచి నీళ్లపాలు పోస్తున్నాడే, నేను చెబితే వినట్లేదు, నువ్వు చెప్పు" అంది. ఆ గంటలో నలభై నిమిషాలు ఆవిడే మాట్లాడింది. సాయంత్రానికి మళ్లీ మూగనోమే.

తర్వాతి వారం అదే కండరంలో బొటాక్స్ ఇచ్చారు. ముడతలకి వేయించుకుంటారే, అదే మందు. ఓపీలోనే, మెడలో మూడు చోట్ల సూది. వెంటనే ఏమీ తేడా లేదు. ఆరో రోజు పొద్దున చట్నీకి పప్పులు వేయిస్తూ అలవాటుగా వేలు పెట్టి "ఒరేయ్" అన్నాను. మాస్టరు కుర్రాడి చేతిలో అట్లకాడ కింద పడింది. బొటాక్స్ పని కొన్ని నెలలకి తగ్గుతుంది, కొందరికి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. కండరం అలవాటు మానుకుంటే కొందరికి అక్కర్లేదు. నాకు ఇంతవరకూ మళ్లీ అక్కర్లేకపోయింది.

వాసన సంగతి మరిచాను. దానికి సూదీ లేదు, మందూ లేదు. పెదాలు మూసుకుని, నోట్లోనే దవడ కిందికి దించుతూ, నలుగురిలో ఆవలింత ఆపుకున్నట్టు చేయాలి. అప్పుడు ముక్కులోకి కొంచెం గాలి లాగుతుంది. రోజూ కాఫీపొడి డబ్బా ముందు నిలబడి సాధన చేశాను. మూడో వారంలో ఇంగువ తెలిసింది.

ఇప్పుడు ఫోన్లో అందరూ నన్ను "సార్" అంటారు. గ్యాస్ బుక్ చేస్తే "సార్, మేడమ్ గారి పేరు మీద ఉంది కనెక్షన్" అంటాడు ఆ కుర్రాడు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు "మేడమ్ పడుకుంది, డబ్బా పంపించు" అంటున్నాను. ఒక చెయ్యి మెడ మీదే ఉంటుంది కాబట్టి అట్లు వేస్తూ మాట్లాడటం కుదరదు. మాట్లాడాలంటే పని ఆపాలి. అత్తయ్యకి ఇది కొత్త ఆయుధం. నేను పిండి కలుపుతున్నప్పుడే కావాలని గొడవ మొదలుపెడుతుంది.

వాల్వుకి రోజూ రెండుసార్లు చిన్న బ్రష్‌తో స్నానం చేయించాలి. పొద్దున కాఫీకంటే ముందు అదే పని. బెజ్జం మీద దుమ్ము ఆపే ఫిల్టరు, దానిమీద నేతచీర ముక్కతో కుట్టుకున్న గుడ్డ. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. వాల్వు ఊడిపోతే అది ఉండే లోపలి బెజ్జం గంటల్లోనే పూడుకుపోవచ్చు. వెంటనే గొట్టం దూర్చి, ఊడిన వాల్వు గాలిగొట్టంలోకి జారలేదని చూసుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంతవరకూ ఊడలేదు గానీ, ఆ గొట్టం లేకుండా గుడికి కూడా వెళ్లను.

వాల్వు శాశ్వతం కాదు. మన నోట్లో ఉండే ఒకరకం బూజు సిలికాన్ మీద పెరిగి రేకు సరిగ్గా మూసుకోకుండా చేస్తుంది. నాకు నాలుగైదు నెలలు వస్తోంది. మజ్జిగ బాగా తాగమంది థెరపీ అమ్మాయి. తెనాలిదానికి మజ్జిగ తాగమని చెప్పాలా! మార్చడం ఓపీలో పది నిమిషాల పని. వాల్వులోంచి కారుతోందా, పక్కనుంచి కారుతోందా అని ముందు రంగునీళ్లు తాగించి స్టోమాలో లైటు వేసి చూస్తారు. నేను ఇంటి దగ్గరే రోజ్‌మిల్క్ తాగి అద్దంలో చూసుకుంటాను.

ఈసారి కారడం మొన్న సోమవారం మొదలైంది. టీ ఒక గుక్క తాగగానే దగ్గు ముంచుకొచ్చింది, గుడ్డ మీద టీ మరక. అత్తయ్య గబగబా వచ్చి వీపు మీద చరుస్తూ, "పొలమారిందా? ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను" అంది.

వేలు పెట్టుకుని, "గ్యాస్ కుర్రాడు అయ్యుంటాడు" అన్నాను. శుక్రవారం రాత్రికి రైలు టికెట్లు తీశాం.